అధికారం ఎక్కడి నుంచి వస్తుంది? తొలి సంఘం ఇచ్చిన జవాబుల్లో ఏది దేనికి పనికొస్తుంది

మా బంధువుల్లో నాలుగు సంఘాలున్నాయి. అమ్మ వైపు సి.ఎస్.ఐ. (దక్షిణ భారత సంఘం), నాన్న వైపు బాప్టిస్టులు, చిన్నమ్మను ఇచ్చింది ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్) కుటుంబంలో, తమ్ముడేమో పెళ్లయ్యాక పెంతెకొస్తు మందిరానికి వెళ్తున్నాడు. క్రిస్మస్‌కూ ఈస్టర్‌కూ ఏ ఇబ్బందీ లేదు. ఎవరైనా చనిపోయినప్పుడే, ఆదరణ కూడికలో వాక్యం ఎవరు చెప్పాలి, సమాధి దగ్గర ప్రార్థన ఎవరు చేయాలి అన్న దగ్గర కాస్త వేడి పుడుతుంది. "మా ఫాదర్ గారి పట్టం పేతురు గారి దాకా పోతుంది" అని ఒకరు. "పరిశుద్ధాత్మ అభిషేకం ఉన్నవాడికి ఇంకో పట్టమెందుకు?" అని తమ్ముడు. "సంఘం పిలిచింది, సంఘం పెట్టుకుంది, అంతే" అని బాప్టిస్టు మామయ్య. చివరకు అందరూ ఒకే మాట మీదికి వస్తారు: తొలి సంఘం అచ్చం మాలాగే ఉండేది.

నేను చదివినంతలో ముగ్గురూ నిజమే చెబుతున్నారు. చిక్కంతా అక్కడే ఉంది. మొదటి మూడు వందల ఏళ్లలో ఈ వాదనలన్నీ ఉన్నాయి, కొన్నిసార్లు ఒకే ఊళ్లో ఉన్నాయి. ఏ సంఘంలో చేరాలో చెప్పే పని నాది కాదు. ఆనాటి జవాబులను పక్కపక్కన పెట్టి, ఏది ఏ జబ్బుకు మందుగా పుట్టిందో, ఎక్కడ పనిచేసి ఎక్కడ చేతులెత్తేసిందో చూస్తే, మీ అవసరానికి తగ్గది మీరే ఏరుకోవచ్చు.

'వారసత్వం' అనే మాటలోనే సగం తగాదా

సంఘ నాయకుల అధికారం అపొస్తలుల నుంచి వరుసగా అందిందన్న వాదనను అపొస్తలుల వారసత్వం అంటారు. ఆ మాట అనగానే మన చెవికి పొలం, ఇల్లు, తండ్రి, కొడుకు వినిపిస్తాయి. గ్రీకులో దీనికి వాడిన మాట దియడోఖే. తత్వవేత్తల బడుల్లో అది అప్పటికే వాడుకలో ఉంది: ప్లేటో తర్వాత బడి ఎవరి చేతికి వచ్చింది, ఆయన తర్వాత ఎవరికి అని రాసుకునే వరుసకు ఆ పేరు. మనకు దగ్గరి మాట కావాలంటే గురుపరంపర. అందులో ముందు వచ్చేది బోధ. కుర్చీ ఆ బోధను కాపాడేవాడు కూర్చునే చోటు.

రక్తసంబంధం అసలు లేదని కాదు. 190 ప్రాంతంలో ఎఫెసు బిషప్ పోలిక్రాతెస్ రోముకు రాసిన ఉత్తరంలో, తన బంధువుల్లో ఏడుగురు బిషప్పులయ్యారని, తాను ఎనిమిదోవాడినని చెప్పుకున్నాడు. సిగ్గుపడుతూ కాదు, గొప్పగానే. తర్వాతి కాలానికి ఆ గొప్ప నచ్చలేదు. 341 నాటివిగా పేరుపడ్డ అంతియొకయ సభ నియమాల్లో ఒకటి, బిషప్ చావు దగ్గరపడ్డా సరే తన తర్వాతివాణ్ణి తానే నియమించకూడదని కట్టడి చేసింది. తండ్రి కట్టించిన మందిరం కొడుకు చేతికి, ఆ తర్వాత కోడలి చేతికి పోయే ఏర్పాటును ఎవరైనా "అపొస్తలుల పద్ధతి" అంటే ఈ నియమం గుర్తుచేయండి.

ఇంకో చిన్న సంగతి. యేసును అప్పగించిన యూదా స్థానంలో మత్తీయను ఎన్నుకున్నారు. అయితే హేరోదు కత్తితో చంపించిన యాకోబు స్థానంలో ఎవరినీ ఎన్నుకున్నట్టు అపొస్తలుల కార్యములలో లేదు. అంటే అపొస్తలుడి పదవి ఖాళీ అయినప్పుడల్లా నింపే ఉద్యోగం కాదు. వాళ్ల తర్వాత వచ్చినవాళ్లు వాళ్ల పనిని మోశారు. ఆ పనిలో ఏ భాగాన్ని, ఎవరు, ఎంతవరకు మోయాలన్నదే అసలు ప్రశ్న.

పెద్దల సభ: కొరింథుకు రోము రాసిన ఉత్తరం

మన తెలుగు బైబిలులో అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయం తెరవండి. పౌలు పిలిపించింది ఎఫెసు సంఘపు 'పెద్దలను'. పదకొండు వచనాల తర్వాత వాళ్లనే 'అధ్యక్షులు' అంటాడు. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక మొదట్లో కూడా ఒక ఊరికి అధ్యక్షులు పలువురు. ప్రెస్బుతెరోస్ (పెద్ద), ఎపిస్కొపోస్ (అధ్యక్షుడు, తర్వాత 'బిషప్' అయిన మాట) అన్న రెండు గ్రీకు మాటలూ అప్పటికింకా వేర్వేరు మెట్లు కాలేదు.

సుమారు 96లో కొరింథు సంఘంలో కొందరు లేచి పెద్దలను పదవి నుంచి దింపేశారు. రోము సంఘం వాళ్లకొక పొడవైన ఉత్తరం రాసింది. దాన్ని క్లెమెంతు ఉత్తరం అంటాం, లోపల మాత్రం ఆయన పేరు ఎక్కడా లేదు. రాసింది 'రోములో ఉన్న సంఘం', అందుకున్నది 'కొరింథులో ఉన్న సంఘం'. దేవుడు క్రీస్తును పంపాడు, క్రీస్తు అపొస్తలులను పంపాడు, వాళ్లు ఊరూరా తిరిగి తొలి విశ్వాసుల్లో కొందరిని పరీక్షించి అధ్యక్షులుగా, పరిచారకులుగా నియమించారు అంటుంది 42వ అధ్యాయం. పదవి కోసం కొట్లాట వస్తుందని అపొస్తలులకు ముందే తెలుసట. అందుకే, తాము నియమించినవాళ్లు చనిపోతే పరీక్షకు నిలిచిన వేరేవాళ్లు ఆ పని అందుకోవాలని ఏర్పాటు చేశారట.

వారసత్వం గురించి మనకు దొరికే అతి పాత వాదన దాదాపు ఇదే. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. 44వ అధ్యాయంలో ఇంకో మాట ఉంది, 'సంఘమంతటి సమ్మతితో' అని. ఆ పెద్దలను తీసేయడం ఎందుకు తప్పంటే, వాళ్లు అపొస్తలుల వరుసలో నియమితులైనవాళ్లు, సంఘం ఒప్పుకున్నవాళ్లు, పైగా ఏ మచ్చా లేకుండా పనిచేసినవాళ్లు. మూడు కాళ్ల పీట ఇది. ఫాదర్ గారి వరుస, మామయ్య 'సంఘం పెట్టుకుంది', ఇద్దరూ గుర్తుచేసుకోని నడవడిక, మూడూ ఒకే వాక్యంలో ఉన్నాయి.

ఇదే కాలానికి దగ్గరలో, బహుశా సిరియా వైపు పుట్టిన దిదఖే అనే చిన్న పుస్తకం సంఘమే తనకు అధ్యక్షులను ఎన్నుకోవాలని సూటిగా చెబుతుంది. 1873లో బ్రుయెన్నియోస్ అనే గ్రీకు పండితుడికి కాన్‌స్టాంటినోపుల్‌లో దొరికిన ఒక రాతప్రతి వల్ల అది మన చేతికొచ్చింది. తిరిగే ప్రవక్తలు, అపొస్తలులు ఇంకా ఊళ్లకు వస్తున్న రోజులవి. వచ్చిన అపొస్తలుడు ఒక రోజు ఉండవచ్చు, అవసరమైతే రెండో రోజు, మూడు రోజులుంటే వాడు అబద్ధ ప్రవక్త. వెళ్లేటప్పుడు దారికి రొట్టె తప్ప ఏమీ తీసుకోకూడదు, డబ్బడిగితే అబద్ధ ప్రవక్త. విజిటింగ్ కార్డు మీద 'అపొస్తలుడు' అని వేయించుకునేవాళ్లకు ఈ రెండు వాక్యాలూ ఎలా ఉంటాయో!

ఈ జవాబు బలం: ఏ ఒక్కడి చేతిలోనూ అంతా ఉండదు, సంఘానికి నోరుంటుంది. బలహీనత కొరింథులోనే కనబడింది. పెద్దల్లో పెద్దలకు, సంఘంలో ఒక గుంపుకు పడకపోతే తీర్పు ఎవరు చెప్పాలి? ఊరి బయటి నుంచి ఉత్తరం రావాల్సి వచ్చింది.

ఒకే బిషప్: సంకెళ్లలో నుంచి ఇగ్నేషియస్

సిరియాలోని అంతియొకయ బిషప్ ఇగ్నేషియస్‌ను పది మంది సైనికుల కాపలాతో రోముకు తీసుకెళ్తున్నారు, మృగాలకు వేయడానికి. ట్రాజన్ చక్రవర్తి కాలం, సంప్రదాయ లెక్కలో 107 ప్రాంతం. దారిలో ఏడు ఉత్తరాలు రాశాడు. ఆ పది మందినీ చిరుతపులులన్నాడు. ఆ ఉత్తరాల్లో మళ్లీ మళ్లీ వచ్చే మాట ఒక్కటే: బిషప్ లేకుండా ఏమీ చేయకండి. బిషప్ ఎక్కడ కనబడితే ప్రజలు అక్కడుండాలి, క్రీస్తు యేసు ఉన్నచోట సార్వత్రిక సంఘం ఉన్నట్టే.

క్లెమెంతు ఉత్తరం నుంచి ఇక్కడికి వచ్చేసరికి రెండు తేడాలు కొట్టొచ్చినట్టు కనబడతాయి. మొదటిది, ఊరికి ఒకే బిషప్, ఆయన చుట్టూ పెద్దలు, వాళ్లతో పరిచారకులు. రెండోది చాలామంది గమనించనిది: ఇగ్నేషియస్ వారసత్వం మాటే ఎత్తడు. మగ్నేసియ సంఘానికి రాస్తూ బిషప్‌ను దేవుడి స్థానంలో, పెద్దలను అపొస్తలుల సభ స్థానంలో కూర్చోబెడతాడు. అపొస్తలుల చోటు దక్కింది పెద్దలకు! బిషప్ అధికారం ఆయన దృష్టిలో గతం నుంచి గొలుసులా రాదు, ఇప్పుడు ఈ బల్ల చుట్టూ కూడిన సంఘంలో కనబడుతుంది. మగ్నేసియ బిషప్ దామాస్ కుర్రవాడు. వయసు చూసి చులకన చేయకండని బతిమాలుతాడు. ఇలా బతిమాలాడంటే అక్కడ చులకన చేసేవాళ్లు ఉన్నారన్నమాట. అందరూ బిషప్‌కు లోబడే రోజుల్లో ఇన్నిసార్లు లోబడమని ఎవరూ రాయరు.

అన్నిటికన్నా వింత ఏమిటంటే, ఆరు ఉత్తరాల్లో బిషప్ గురించి ఇంతగా చెప్పినవాడు, రోము సంఘానికి రాసిన ఉత్తరంలో అక్కడి బిషప్ ప్రస్తావనే తేలేదు. హెర్మాసు అనే రోము విశ్వాసి కూడా ఆ శతాబ్దంలోనే తన ఊరి సంఘాన్ని నడిపే 'పెద్దలు' అని బహువచనంలోనే రాశాడు. అంతియొకయలో స్థిరపడ్డ పద్ధతి రోములో ఇంకా కుదురుకోలేదని ఎక్కువమంది చరిత్రకారులు దీన్ని అర్థం చేసుకుంటారు. నాకూ అదే సబబనిపిస్తుంది.

చీలిక తరుముకొస్తున్నప్పుడు ఈ జవాబుకు మించింది లేదు. ఎవరి బల్ల దగ్గర కూడాలో తెలుస్తుంది, గొడవ తేలుతుంది. ఆ ఒక్కడే దారి తప్పితే ఏం చేయాలో మాత్రం ఇగ్నేషియస్ చెప్పలేదు.

జాబితా: లియోన్ నుంచి ఐరేనియస్

ఈ భాగం దగ్గర కొంచెం ఎక్కువసేపు కూర్చుందాం. 'అపొస్తలుల వారసత్వం' అని మనం ఇప్పుడనే మాట వెనుక సింహభాగం ఇదే.

గాల్ దేశంలోని (నేటి ఫ్రాన్స్) లియోన్‌లో 177లో హింస జరిగింది. తొంభై దాటిన బిషప్ పోథినస్ చెరలో చనిపోయాడు. ఆయన తర్వాత వచ్చినవాడు ఐరేనియస్. చిన్నతనంలో స్ముర్నలో అక్కడి బిషప్ పోలికార్పు బోధ విన్నాడు. ఆ ముసలాయన ఎక్కడ కూర్చుని మాట్లాడేవాడో, యోహాను గురించి, ప్రభువును చూసినవాళ్ల గురించి ఏమని చెప్పేవాడో తనకింకా గుర్తుందని ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. ఆయన వాదన పుట్టింది ఈ జ్ఞాపకంలో అని నా నమ్మకం. ఆయన గొలుసుకు ఒకటే కడియం మధ్యలో ఉంది, దాన్ని కళ్లారా చూశాడు.

ఎదుటివాళ్లు జ్ఞానవాదులు, అంటే రక్షణ రహస్య జ్ఞానం వల్ల వస్తుందనేవాళ్లు. వాళ్లకూ పరంపర ఉంది, అదే ఇబ్బంది! వలెంతీనుకు గురువు థెయుదాసు, ఆయన పౌలు శిష్యుడు అని చెప్పుకున్నారు. బసిలీదెసు వాళ్లు గ్లౌకియాసు పేరు చెప్పారు, పేతురు మాటలను తర్జుమా చేసినవాడట. అపొస్తలులు బయట అందరికీ ఒకటి చెప్పి, అర్హులైన కొద్దిమందికి లోపల ఇంకోటి చెప్పారన్నది వాళ్ల వాదన. రహస్య గురుపరంపర. దాన్ని కాదనడం ఎలా?

180 ప్రాంతంలో రాసిన గ్రంథం మూడో భాగంలో ఐరేనియస్ అడిగింది ఇంటి పెద్ద అడిగే ప్రశ్న: అపొస్తలులకు అలాంటి రహస్యాలు తెలిసి ఉంటే, తమ సంఘాలను ఎవరి చేతుల్లో పెట్టారో వాళ్లకే ముందు చెప్పరా? ఆ సంఘాలు బహిరంగంగా ఉన్నాయి. వాటిలో ఒకరి తర్వాత ఒకరుగా బోధించినవాళ్ల పేర్లున్నాయి. వెళ్లి అడగండి. అన్ని సంఘాల వరుసా రాస్తే పుస్తకం పెరిగిపోతుందని రోము వరుస ఒక్కటే ఇచ్చాడు: పేతురు, పౌలు స్థాపించి లీనుకు అప్పగించారు, ఆ తర్వాత అనెంక్లేతు, క్లెమెంతు, ఎవారిస్తు, అలెగ్జాండరు, సిక్స్‌తు, తెలెస్ఫోరు, హిగీను, పీయు, అనికేతు, సోతేరు, పన్నెండోవాడు ఎలెయుతెరు. లీను పేరు రెండో తిమోతి పత్రిక చివర కనబడుతుందని కూడా గుర్తుచేశాడు. స్ముర్ననూ ఎఫెసునూ సాక్ష్యానికి పిలిచాడు.

ఈ జాబితాను మనం ఎలా చదవాలి? ఒకరి తల మీద ఒకరు చేతులుంచి పదవిలో నియమించే గొలుసుగా చదవడం తర్వాతి అలవాటు. లీను తల మీద ఎవరు చేతులుంచారు, ఆ కర్మ తెగకుండా వచ్చిందా అన్నది ఐరేనియస్ వాదనకు ఆధారం కాదు. ఒకే కుర్చీలో ఒకరి తర్వాత ఒకరు కూర్చుని అందరి ఎదుట ఒకే బోధ చెప్పారన్నదే ఆయన రుజువు. అందుకే అదే గ్రంథం నాలుగో భాగంలో, వరుసలో ఉన్న పెద్దలకు లోబడమన్న వెంటనే, పెద్దలుగా పేరుండి తమ కోరికలకు బానిసలైనవాళ్లకు దూరంగా ఉండమనీ అంటాడు. కుర్చీ ఉంటే చాలదు.

దీని లోపాలూ చెప్పాలి. రోము వరుసలో మొదటి పేర్లు నిజంగా 'ఏకైక బిషప్పులేనా' అన్న సందేహం పైన చెప్పిన ఇగ్నేషియస్, హెర్మాసుల వల్ల వస్తుంది. కొందరు పెద్దల్లో ముఖ్యుడి పేరు మాత్రమే తర్వాత జాబితాకెక్కి ఉండవచ్చు. ఇరవై ఏళ్ల తర్వాత ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో తెర్తుల్లియన్ అనే రచయిత ఇదే వాదన ఎత్తుకుని, మీ బిషప్పుల చిట్టా విప్పండని ఎదుటివాళ్లను సవాలు చేశాడు. రోములో క్లెమెంతును పేతురే నియమించాడన్నాడు. ఐరేనియస్ లెక్కలో క్లెమెంతు మూడోవాడు. ఇద్దరు లాయర్లు ఒకే పక్షాన నిలబడి వేర్వేరు దస్తావేజులు చూపించినట్టుంది. రోముతో ప్రతి సంఘమూ ఏకీభవించాలన్నట్టు వినిపించే ఐరేనియస్ ప్రసిద్ధ వాక్యం లాటిన్ తర్జుమాలోనే మిగిలింది, మూల గ్రీకు పోయింది. పండితులు దాని మీద ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. ఆ ఒక్క వాక్యం మీద ఇల్లు కట్టకండి, కూల్చనూ వద్దు.

ఆయన స్వయంగా రోమును ఎలా చూశాడో తెలుసుకోవడానికి తేలికైన దారి వేరే ఉంది. 190 ప్రాంతంలో పస్కా (ఈస్టర్) ఏ రోజు చేయాలన్న తగాదాలో రోము బిషప్ విక్టర్ ఆసియా సంఘాలన్నిటినీ వెలివేయబోతే, తిథి విషయంలో విక్టర్ వైపే ఉన్న ఐరేనియస్ ఆయన్ను మందలిస్తూ ఉత్తరం రాశాడు. పోలికార్పు రోముకొచ్చినప్పుడు అనికేతుతో ఇదే విషయంలో కుదరలేదు, అయినా అనికేతు తన సంఘంలో ప్రభు భోజనం నడిపే గౌరవం పోలికార్పుకు ఇచ్చాడని గుర్తుచేశాడు. రోము సాక్ష్యానికి ఐరేనియస్ ఎంత విలువిచ్చాడో, రోము తప్పటడుగును అంత నిర్భయంగా ఎత్తిచూపాడు.

ఆత్మ పలికితే చాలదా

2వ శతాబ్దం రెండో సగంలో ఫ్రుగియలో (నేటి టర్కీలోని ప్రాంతం) మొంతాను, ప్రిస్కిల్ల, మక్సిమిల్ల అనే ముగ్గురు ప్రవచించడం మొదలుపెట్టారు. బిషప్పులు అడ్డుపడ్డారు. తమ్ముడి వాదనకు పాత చుట్టాలు వీళ్లు. తమాషా ఏమిటంటే వీళ్లూ పరంపర చెప్పుకున్నారు: అగబు, సీల, ఫిలిప్పు కుమార్తెలు, ఫిలదెల్ఫియలోని అమ్మియ, ఇలా. గొలుసు వద్దన్నవాళ్లకూ చివరకు గొలుసు కావాల్సివచ్చింది. బిషప్పుల చిట్టా విప్పమన్న తెర్తుల్లియనే తర్వాత ఈ పక్షానికి మారి, సంఘమంటే ఆత్మ, బిషప్పుల లెక్క కాదన్నాడు. ప్రవచనం సంఘాన్ని తట్టి లేపగలదు. ఇద్దరు ప్రవక్తలు ఎదురెదురుగా నిలబడితే మాత్రం ఎవరిది నిజమో చెప్పే ఏర్పాటు దాని దగ్గర లేదు. దిదఖేకి కూడా వాళ్ల నడవడిక చూడమనడం తప్ప వేరే దారి తోచలేదు.

బిషప్పులకే పడకపోతే: సిప్రియన్, స్తెఫను

250లో దెకియు చక్రవర్తి అందరూ రోమా దేవతలకు బలులర్పించి ధ్రువపత్రం తీసుకోవాలన్నాడు. కార్తేజ్‌లో చాలామంది బలి ఇచ్చారు, కొందరు డబ్బిచ్చి పత్రం కొన్నారు. బిషప్ సిప్రియన్ ఊరు వదిలి దాక్కున్నాడు. చెరలో హింస ఓర్చిన విశ్వాసవీరులు, అలా పడిపోయినవాళ్లను, అంటే బలి ఇచ్చినవాళ్లను, పత్రం కొన్నవాళ్లను, తిరిగి చేర్చుకోమని సిఫారసు చీటీలు ఇవ్వసాగారు, కొన్నిసార్లు 'ఫలానావాడిని, వాడి వాళ్లనూ' అని లెక్కాపత్రం లేకుండా. పారిపోయిన బిషప్ మాట చెల్లాలా, దెబ్బలు తిన్నవాడి చీటీ చెల్లాలా? నిజాయితీగా చెప్పండి, మన ఊరి సంఘంలో అయితే మనసు ఎటు మొగ్గుతుంది?

చీటీలు చూసి ఎవరికి వారే తలుపులు తీయకుండా, హింస తగ్గాక బిషప్పులు కూడి తేల్చాలని సిప్రియన్ పట్టుబట్టాడు, అలాగే తేల్చారు. ఇక్కడ రోములో జరిగింది చూడాలి. 251లో అక్కడ కొర్నేలి బిషప్ అయ్యాడు. పడిపోయినవాళ్లను చేర్చుకోకూడదన్న నొవాతియను అనే రోము పెద్ద కూడా ముగ్గురు బిషప్పుల చేత చేతులుంచుకుని తానూ బిషప్‌నన్నాడు. మారుమూల నుంచి తెచ్చిన అమాయకులకు తాగించి ఆ పని చేయించారని కొర్నేలి ఆరోపణ. ప్రత్యర్థి మాట కాబట్టి సగమే నమ్ముదాం. అదే ఉత్తరంలో రోము సంఘం లెక్క ఉంది: 46 మంది పెద్దలు, 7గురు పరిచారకులు, 1,500 మందికి పైగా విధవరాళ్లు, బీదలు. అంత సంఘానికి ఒకే బిషప్ ఉండాలని, ఉన్న కుర్చీలో రెండోవాడు కూర్చోలేడని సిప్రియన్ అన్నాడు. చేతులుంచడం ఇద్దరికీ జరిగింది. సంఘాలు ఒప్పుకున్నది ఒకరినే. కర్మ గొలుసు ఒక్కటే అధికారం ఇస్తుందనేవాళ్లు ఈ ఘటనకు జవాబు చెప్పాలి.

కొద్దేళ్లలో సిప్రియన్‌కే రోముతో చెడింది. చీలిక గుంపులో బాప్తిస్మం పొందినవాళ్లు తిరిగొస్తే మళ్లీ బాప్తిస్మం ఇవ్వాలా? ఇవ్వాలన్నాడు సిప్రియన్, అక్కర్లేదన్నాడు రోము బిషప్ స్తెఫను. 256 సెప్టెంబరు 1న కార్తేజ్‌లో 87 మంది బిషప్పులు కూడి సిప్రియన్ వైపు నిలిచారు. మనలో ఎవరూ తనను బిషప్పులకు బిషప్‌గా నిలబెట్టుకోడని ఆ సభలో ఆయనన్న మాట ఎవరికి తగలాలో వాళ్లకు తగిలింది. స్తెఫను తాను పేతురు వారసత్వంలో ఉన్నానని చెప్పుకుంటున్నాడని కప్పదొకియ (నేటి టర్కీలోని ప్రాంతం) నుంచి బిషప్ ఫిర్మిలియన్ కోపంగా రాశాడు. రోము బిషప్ ఆ వాదన చేసినట్టు దొరికే తొలి ఆధారాల్లో ఇదొకటి, అదీ విరోధి కలం నుంచి. స్తెఫను 257లో చనిపోయాడు, సిప్రియన్‌ను 258 సెప్టెంబరు 14న తల నరికారు. తగాదా తెగనే లేదు.

తర్వాత పశ్చిమ సంఘం బాప్తిస్మం విషయంలో స్తెఫను మాటకు వచ్చింది. అధికారం విషయంలో తూర్పు సంఘాలు సిప్రియన్ పద్ధతికి దగ్గరగా నడిచాయి. 325లో నికయ సభ నాలుగో నియమం, కొత్త బిషప్‌ను ఆ ప్రాంతపు బిషప్పులందరూ, వీలుకాకపోతే కనీసం ముగ్గురు కూడి, మిగతావాళ్ల సమ్మతి ఉత్తరాల ద్వారా తీసుకుని నియమించాలంది. సిప్రియన్ గురించి ఇంకొక మాట మరిచిపోకూడదు: పెద్దల ఆలోచన, ప్రజల సమ్మతి లేకుండా సొంతంగా ఏమీ చేయకూడదని పదవికొచ్చిన మొదటి రోజే నిర్ణయించుకున్నానని రాసుకున్నాడు. స్పెయిన్ సంఘాలకు, అయోగ్యుడైన బిషప్‌ను తిరస్కరించే హక్కు ప్రజలకుందనీ రాశాడు. బిషప్ పదవిని ఆకాశానికెత్తినవాడే ఇది కూడా రాశాడు.

మరి ఏది ఎంచుకోవాలి

మీ ప్రశ్న బోధ గురించైతే, అంటే టీవీలోనో యూట్యూబ్‌లోనో ఎవరో కొత్త ప్రత్యక్షత చెబుతున్నాడు, నమ్మాలా వద్దా అన్నదైతే, ఐరేనియస్ దగ్గరకు వెళ్లండి. ఇది ముందు నుంచి అందరి ఎదుటా, చాలా ఊళ్లలో చెప్పిందేనా, లేక నీ ఒక్కడికే తెలిసిందా అన్న ఆయన ప్రశ్న ఏ సంఘంవాడైనా అడగవచ్చు. దానికి రోము జాబితా కంఠస్థం రానక్కర్లేదు.

మీరు సంఘ కమిటీలో ఉండి, పాస్టరు గారిని పెట్టడం, తీయడం మీ ముందున్న పనైతే క్లెమెంతు ఉత్తరంలోని మూడు కాళ్ల పీట తీసుకోండి. మచ్చ లేకుండా పనిచేసినవాణ్ణి ఓట్ల బలంతో దింపడం తప్పని ఆ ఉత్తరం బాప్టిస్టు మామయ్యకు చెబుతుంది. సంఘం సమ్మతి లేకుండా పైనుంచి దించిన మనిషి విషయంలో అదే ఉత్తరం చిన్నమ్మ వైపు వాళ్లనూ అడుగుతుంది.

సంఘం రెండు ముక్కలయ్యే క్షణంలో ఇగ్నేషియస్. శాంతి రోజుల్లో ఆయన ఒక్కడే చాలడు. ఊరి మీద ఊరికి, బిషప్ మీద బిషప్‌కు తగాదా వస్తే సిప్రియన్ సభ పద్ధతి నాకు అన్నిటికన్నా నమ్మకంగా కనబడుతుంది, ఆలస్యమవుతుందని తెలిసి కూడా. ఆ ఆలస్యం భరించలేనివాళ్లకు, చివరి మాట చెప్పే ఒక్కరు ఉండాలనుకునేవాళ్లకు స్తెఫను దారి ఉంది. దాని ధర ఏమిటో ఫిర్మిలియన్ కోపంలో కనబడుతుంది. మొంతాను దారిని పునాదిగా నేను ఎవరికీ చెప్పను, కానీ బిషప్పులు నిద్రపోతున్నప్పుడు తలుపు కొట్టేవాళ్లు ఉండాలి.

ఈ ఎంపిక కాగితం మీదిది కాదని చూపే ఉదాహరణ మనకు దగ్గరలోనే ఉంది. 1912లో అజరయ్య గారు ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్‌గా అభిషిక్తులై దోర్నకల్‌లో సేవ చేశారు. బిషప్పులున్న ఆంగ్లికన్లు, బిషప్పులు లేని ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ వాళ్లు, మెథడిస్టులు ఒకటవ్వాలన్న చర్చ 1919లో తరంగంబాడిలో మొదలైతే, దాన్ని ముందుకు నడిపినవాళ్లలో ఆయనొకరు. ఫలితం చూడకుండానే 1945లో కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో సి.ఎస్.ఐ. ఏర్పడినప్పుడు వాళ్లు చేసింది ఇదీ: చారిత్రక బిషప్ పదవిని తీసుకున్నారు, ఇకపై అభిషేకాలన్నీ బిషప్పులే చేస్తారన్నారు, దాని వెనుక ఫలానా సిద్ధాంతమే నమ్మాలని ఎవరినీ కట్టేయలేదు. బిషప్ చేతులుంచని పాత అయ్యగార్లను మళ్లీ అభిషేకించకుండా అలాగే అయ్యగార్లుగా ఒప్పుకున్నారు. ఆ చివరి నిర్ణయం కొందరు ఆంగ్లికన్లకు మింగుడుపడలేదు. నంద్యాల ప్రాంతంలో ఒక వర్గం చేరకుండా నిలబడిపోయింది. బాప్టిస్టులు అసలు రాలేదు. మా మామయ్య తండ్రిగారు ఆ రోజుల్లో ఏమన్నారో అడిగితే, "బిషప్‌ను ఒప్పుకుంటాం, ముందు ఆయన్ను మేం ఎన్నుకోనివ్వమనండి" అన్నారట. ఆయన సిప్రియన్‌ను చదివి ఉండరు.